ర్యాంకు దగ్గర మొదలై సీటు దగ్గర ఆగిపోతున్న సలహా

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం రోజూ పేపర్లో కనిపించే వానాకాలంలో, గోదావరి జిల్లాల్లో ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లలో మరో లెక్క నడుస్తుంటుంది. ఈఏపీసెట్లో ర్యాంకెంత, నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగింది, ఈసారి మనకేం రావచ్చు? వెబ్ ఆప్షన్లకిచ్చే గడువు కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో పదిహేడేళ్ల పిల్ల తన ముందున్న నాలుగేళ్లని ఒక వరుసలో పేర్చి, ఫ్రీజ్ మీద నొక్కెయ్యాలి.

రావులపాలెంలోనో తణుకులోనో ఆ రోజుల్లో ఒక నెట్ సెంటర్లో కాసేపు నిలబడితే ఈ వ్యవహారమంతా కళ్లకు కడుతుంది. టేబుల్ మీద నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద బాల్‌పెన్నుతో కాలేజీ కోడు, పక్కన బ్రాంచి కోడు: జేఎన్‌టీకే, సీఎస్‌ఈ, ఎస్‌ఆర్‌కేఆర్, ఈసీఈ. మధ్యలో కొట్టివేతలు, పైకీ కిందికీ బాణాలు. తండ్రి తన ఫోన్‌కొచ్చిన ఓటీపీని ఒక్కో అంకే చదివి చెబుతాడు. సెంటర్ కుర్రాడు టైప్ చేస్తూ, "ఇది పైకి జరిపెయ్యమంటారా అండీ? నిరుడు అందరూ ఇదే పెట్టారండీ" అంటాడు. ఆ కాలేజీలో ల్యాబ్ ఎలా ఉంటుందో, ఆ బ్రాంచిలో చేరినవాళ్లలో ఎంతమంది బ్యాక్‌లాగ్‌లు లేకుండా బయటపడ్డారో అతనికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు, అతను తీసుకునేది టైపింగ్ డబ్బులు. అయినా ఆ నిమిషానికి ఆ ఇంటికి చదువు సలహాదారు అతనే.

కాలేజీ విద్యార్థికి ఏం చదవాలో, ఎలా చదవాలో, ఎక్కడ తడబడుతున్నాడో చెప్పే పనిలో టెక్నాలజీ ఎంతవరకు పనికొస్తుందన్నది ప్రపంచంలో చాలాచోట్ల పదిహేనేళ్లుగా పరీక్షకు నిలిచిన ప్రశ్న. మన డెల్టాలో దానికి సగం జవాబు చాలా బాగా వచ్చింది. మిగతా సగం మొదలే కాలేదు.

బాగా వచ్చిన సగం గురించి ముందు చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇంజినీరింగ్ కౌన్సెలింగంటే సర్టిఫికెట్ల సంచి పట్టుకుని దూరపు ఊరి బస్సెక్కడం, పేరు పిలిచేదాకా చెట్టు కింద కూర్చోవడం. తర్వాత కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్, తణుకు ఎస్‌ఎమ్‌వీఎమ్ పాలిటెక్నిక్ లాంటి చోట్ల హెల్ప్‌లైన్ సెంటర్లొచ్చాయి, ఆప్షన్లు కంప్యూటర్లోకి వెళ్లాయి. డిగ్రీ ప్రవేశాలకు తెలంగాణ 2016లో దోస్త్ మొదలుపెడితే, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి 2020-21 నుంచి ఆన్‌లైన్ విధానం తెచ్చింది. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవలో ఆ ఏడే ఇంటర్ హాల్‌టికెట్లు, ఫలితాలు వచ్చేశాయి. సీటు ఎవరికి ఎందుకొచ్చిందో ర్యాంకు చూసి చెప్పగలుగుతున్నాం. సిఫారసుకు చోటు తగ్గింది. లంక గ్రామంలో కూలి చేసుకునే తల్లి బిడ్డకు ఇది చిన్న మేలేమీ కాదు.

అయితే ఈ యంత్రాంగమంతా సీటు కేటాయించడానికి పుట్టింది, సలహా ఇవ్వడానికి కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ల వయసున్న ప్రతి లక్ష మందికీ ఆంధ్రప్రదేశ్‌లో 49 కాలేజీలున్నాయి, దేశ సగటు 30. ఇన్ని కాలేజీల్లోంచి ఏరుకోవాల్సిన పిల్లకు మనం అధికారికంగా చేతికిస్తున్న ముఖ్యమైన సమాచారం నిరుటి చివరి ర్యాంకుల పట్టిక. ఆ ర్యాంకు చెప్పేది నిరుడు ఎంతమంది ఆ గుమ్మం ముందు నిలబడ్డారన్నది మాత్రమే. లోపలికి వెళ్లినవాళ్లు ఏమయ్యారో చెప్పదు. కాలేజ్ ప్రెడిక్టర్ పేరుతో నెట్లో తిరిగే పనిముట్లలో చాలావాటికి ఆధారం ఇలాంటి పట్టికలే. గుంపు ఎటు పోయిందో చూపించి, అదే దారి అని నమ్మించడం వీటివల్ల జరుగుతున్న నష్టం.

సీటొచ్చాక మొదలయ్యే కథలో చిక్కుముళ్లు ఇంకా ఎక్కువ. పాతికేళ్ల క్రితం బీఎస్సీలో చేరిన కుర్రాడికి ఎంపిక చేసుకోవాల్సినవి పెద్దగా ఉండేవి కావు. ఎంపీసీ అంటే మూడేళ్లూ మూడు సబ్జెక్టులు, అంతే. 2020-21లో రాష్ట్రం డిగ్రీ చదువును మార్చి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది, నాలుగో ఏడాది ఆనర్స్‌కు దారి వేసింది. 2023-24లో ఒకే మేజర్, దానికో మైనర్ అన్నారు. మైనర్ రెండో సెమిస్టర్లో ఎంచుకోవాలన్నారు. అంటే భీమవరంలోనో నరసాపురంలోనో డిగ్రీలో చేరిన అమ్మాయి, ఇంకా లైబ్రరీ ఎక్కడుందో సరిగ్గా తెలియకుండానే, రేపు పీజీ దేంట్లో చెయ్యాలో, బీఈడీకి ఏ సబ్జెక్టు పనికొస్తుందో, రొయ్యల హ్యాచరీలో ఉద్యోగానికి ఏ మైనర్ కలిసొస్తుందో ఊహించుకుని టిక్ పెట్టాలి. మూడేళ్లకు ఆగాలా, నాలుగో ఏడు చదవాలా అన్నది ఇంకో ప్రశ్న.

దాని మీద క్రెడిట్లు. 2021 జూలైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమవుతాయి. 2017లో వచ్చిన స్వయం వేదిక మీద కోర్సులు చేసి సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుని వేలాది కోర్సులు తెరిచింది. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్-23 రెగ్యులేషన్‌లో బీటెక్ అంటే 160 క్రెడిట్లు. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటి 75 లోపు ఆగితే కండోనేషన్, అంతకంటే తగ్గితే డిటెన్షన్. ఇన్ని తలుపులు తెరిచినవాళ్లు ఏ తలుపులోంచి వెళ్తే ఎక్కడ తేలతామో చెప్పే మనిషిని మాత్రం పెట్టలేదు.

కాగితం మీద ఆ మనిషి ఉన్నాడు. కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు అడిగే లెక్కల్లో మెంటార్‌కి ఎంతమంది విద్యార్థులన్నది ఒకటి. అందుకే ప్రతి కాలేజీలోనూ మెంటార్ రిజిస్టర్ ఉంటుంది. మామూలుగా ఒక్కో విద్యార్థికి ఒక పేజీ: ఫొటో, తండ్రి ఫోన్ నంబరు, మిడ్ మార్కులు, హాజరు శాతం, 'గుర్తించిన సమస్య', 'ఇచ్చిన సలహా', రెండు సంతకాలు. ఆ సలహా గడిలో పేజీ తర్వాత పేజీ ఒకే మాట కనిపిస్తుంది, 'రెగ్యులర్‌గా క్లాసుకు రమ్మని చెప్పడమైనది' అని. రాసే లెక్చరర్‌ని తప్పుపట్టడం అన్యాయం. వారానికి సరిపడా క్లాసులు, ల్యాబులు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్లు తిరగడం, పరీక్షల డ్యూటీ, మధ్యలో ఏదో ఒక కమిటీ. మెంటారింగ్‌కు టైమ్‌టేబుల్లో ఒక పీరియడ్ దొరికినా అది సిలబస్ పూర్తిచెయ్యడానికే పోతుంది.

ఇదే కాలేజీలో సమాచారానికి మాత్రం కొదవలేదు. హాజరు యాప్‌లో పడుతుంది, పిల్ల రాని రోజు తండ్రికి మెసేజ్ వెళ్తుంది, మిడ్ మార్కులు పోర్టల్లో ఉంటాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎక్కడ ఆగిందో జ్ఞానభూమిలో కనిపిస్తుంది. రెండు మిడ్‌లలో జారిపోయి, నెలలో పది రోజులు మానేసి, ఫీజు బాకీ పడ్డ కుర్రాడు మూడు వేర్వేరు స్క్రీన్ల మీద మూడు వేర్వేరు సమస్యలుగా కనిపిస్తాడు. ఆ మూడూ ఒక్కడివేనని, ఆ ఒక్కడితో ఈ వారమే మాట్లాడాలని ఎవరికీ కబురు అందదు. టెక్నాలజీ అసలు పనికిరావాల్సింది ఇక్కడ.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది కొత్త ఆలోచన కూడా కాదు. బడి మానేసే అవకాశమున్న పిల్లల్ని ముందే పసిగట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి మెషీన్ లెర్నింగ్ వాడింది. మార్కులు, కుటుంబ పరిస్థితి, ఆడో మగో, బడిలో సదుపాయాలు, టీచర్ల నైపుణ్యం, అన్నీ కలిపి లెక్కేసి, 2018-19 విద్యా సంవత్సరానికి ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే ప్రభుత్వ బడుల నుంచి సుమారు 19,500 మంది మానేయవచ్చని జాబితా తీసింది. అంత పెద్ద జాబితా తీయడం యంత్రానికి క్షణాల పని. అందులోని ఒక్కో పేరు వెనకున్న ఇంటికి వెళ్లడం మాత్రం టీచర్ల పని, దానికి మనుషులూ టైమూ కావాలి. బడుల కోసం చేసిన ఆ ప్రయత్నాన్ని కాలేజీల దాకా తీసుకురావడం మీద మాత్రం పెద్దగా చర్చ జరగలేదు.

ఈ రంగంలో ప్రపంచమంతా ఉదహరించేది అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీని. పేద, నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదివే ప్రభుత్వ విశ్వవిద్యాలయమది. 2003 నాటి లెక్క ప్రకారం అక్కడ చేరిన వంద మందిలో ఆరేళ్లకైనా డిగ్రీ పూర్తిచేసేవాళ్లు 32 మంది. 2012 నుంచి దాదాపు 800 ప్రమాద సూచికలతో ప్రతి విద్యార్థి రికార్డునూ రోజూ జల్లెడ పట్టే ఏర్పాటు చేశారు. తన డిగ్రీకి పనికిరాని సబ్జెక్టులో చేరినా, ముఖ్యమైన కోర్సులో తక్కువ గ్రేడొచ్చినా అడ్వైజర్‌కు వెంటనే తెలుస్తుంది. కొన్నేళ్లకు ఆ 32 కాస్తా 54 అయింది. 2016లో వాళ్లు తెచ్చిన 'పౌన్స్' అనే చాట్‌బాట్, సీటొచ్చి కూడా వేసవిలో జారిపోయే విద్యార్థుల సంఖ్యను ఐదో వంతుకు పైగా తగ్గించిందని పరిశోధనలో తేలింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే అది సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల కరపత్రం అవుతుంది. జార్జియా స్టేట్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొనలేదు. దానితోపాటు 42 మంది అడ్వైజర్లను కొత్తగా తీసుకుంది, ఒక్కొక్కరి మీద 700 మంది ఉన్న భారాన్ని సుమారు 300కు దించింది. అంతకుముందే, 2011 నుంచి, కొద్ది ఫీజు బాకీ వల్ల పేరు తీసేయాల్సి వచ్చే విద్యార్థుల ఖాతాలో అడక్కుండానే చిన్న మొత్తం జమచేసే పథకం నడిపింది. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై, హాల్‌టికెట్ చేతికి రాక అల్లాడే పిల్లలున్న మన జిల్లాలకు ఆ చివరి ఏర్పాటు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

పర్డ్యూ యూనివర్సిటీ అనుభవం ఇంకో పాఠం నేర్పింది. ట్రాఫిక్ దీపాల్లాగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో విద్యార్థిని హెచ్చరించే 'కోర్స్ సిగ్నల్స్' వాళ్లది. దీన్ని రెండు, మూడు కోర్సుల్లో వాడినవాళ్లు చదువు మానడం బాగా తగ్గిందని ప్రకటించారు. 2013లో మైక్ కాల్‌ఫీల్డ్ అనే విద్యావేత్త ఒక మామూలు ప్రశ్న వేశాడు: ఎక్కువ కోర్సుల్లో వాడటం వల్ల నిలిచారా, నిలిచారు కాబట్టి ఎక్కువ కోర్సుల్లో తగిలిందా? సిగ్నల్ బదులు చాక్లెట్లు పంచినా అంకెలు అలాగే వస్తాయని మరొకరు కంప్యూటర్ నమూనా కట్టి చూపించారు. మన కాలేజీల మేనేజ్‌మెంట్ల దగ్గరికి 'మా యాప్ వాడితే ఫెయిల్యూర్లు ఇంత తగ్గాయి' అంటూ వచ్చేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

అంతకంటే భయపెట్టేది మూడోది. అమెరికాలో కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలు వాడే ప్రమాద సూచీలో విద్యార్థి జాతిని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారని 'ది మార్కప్' పత్రిక 2021లో బయటపెట్టింది. కొన్నిచోట్ల నల్లజాతి విద్యార్థులకు 'ప్రమాదం ఎక్కువ' ముద్ర తెల్లవాళ్లకంటే దాదాపు నాలుగు రెట్లు పడింది. అలాంటి ముద్ర చూసిన అడ్వైజర్‌కు, లెక్కల మేజర్ కావాలన్న పిల్లను సులువైన దారికి మళ్లించడానికి ఎంతసేపు పడుతుంది? మన ప్రవేశాల డేటాలో కులం గడి ఉంటుంది, ఊరు ఉంటుంది, తెలుగు మీడియమో కాదో ఉంటుంది. రిజర్వేషన్ న్యాయానికి ఆ గడులు కావాలి. ఒక పిల్ల లెక్కలు చదవగలదా లేదా తేల్చడానికి వాటిని వాడనివ్వకూడదు. ఆ హద్దును సాఫ్ట్‌వేర్ కొన్నాక కాదు, కొనకముందే రాసిపెట్టుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే పిల్లల్లో చాలామంది ఆ వయసులోపువాళ్లే.

అంకెలు అసలు పట్టుకోలేనిది కూడా ఒకటుంది, దానికి సాక్ష్యం రాజమండ్రిలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్. కవి, చిత్రకారుడు కూడా. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఉన్న గీతను ఆయన చూశాడు. కాలేజీ పరీక్షలకు దానితో సంబంధం లేదు. కుర్రాడికి అజంతా చూపించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపించాడు. రామారావు 1925లో ఇరవై ఎనిమిదో ఏటనే పోయాడు, కానీ ఆధునిక ఆంధ్ర చిత్రకళ ఆయనతో మొదలైందని చెప్పుకుంటాం. గోదావరి ఒడ్డున ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ ఒక ప్రిన్సిపాల్ ఇచ్చిన సలహాకు ఫలం. అడివి బాపిరాజుకు కూడా కూల్డ్రేనే గురువు. ఈనాటి డ్యాష్‌బోర్డులో రామారావు ఎలా కనిపిస్తాడు? హాజరు, మిడ్ మార్కులు, అంతే. మనిషిని చూడగల మనిషికి తీరిక మిగిల్చడమే యంత్రం చెయ్యగల గొప్ప సాయమని అందుకే అనాల్సి వస్తోంది.

టెక్నాలజీ అందరికీ ఒకేలా అందుతుందనుకోవడం ఇంకో పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. అయినా ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ అన్నయ్య జేబులో ఉంటే, చెల్లెలికొచ్చిన హెచ్చరిక సాయంత్రానికి గానీ చేరదు, ఒక్కోసారి చేరనే చేరదు. 2022 మే 24న అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో పది రోజులకు పైగా ఇంటర్నెట్ నిలిపేశారు. రంపచోడవరం ఏజెన్సీ నుంచి రాజమండ్రి హాస్టల్‌కొచ్చి చదివే పిల్ల, సెలవులకు ఊరెళ్తే సిగ్నల్ కోసం గట్టెక్కాలి. ప్రతి ఆన్‌లైన్ గడువుకూ కాలేజీలో కాగితం మీద కూడా ఒక దారి ఉండాలన్నది వీళ్ల తరఫున అడగాల్సిన కనీస కోరిక.

ఇప్పుడు పిల్లలు చాట్‌జీపీటీ లాంటివాటిని తెలుగులోనే అడుగుతున్నారు. సిలబస్ అర్థం చేసుకోవడానికి, రెజ్యూమె దిద్దుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. మొహమాటపడి సార్‌ని అడగలేని ప్రశ్న అర్ధరాత్రి అడగొచ్చు, అదీ మేలే. అయితే కండోనేషన్ రూలు, మైనర్ ఎంపిక గడువు, ఫలానా పీజీకి అర్హత లాంటి విషయాల్లో అవి తడుముకోకుండా తప్పు చెప్పగలవు. రెగ్యులేషన్ ఆర్-20కీ ఆర్-23కీ తేడా వచ్చినచోట ఆ తప్పుకు ఏడాది మూల్యం చెల్లించాల్సి రావచ్చు. ఇలాంటి రూళ్లన్నీ అఫిలియేటెడ్ కాలేజీలకు సర్క్యులర్లుగా, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా అందుతుంటాయి. జేఎన్‌టీయూ కాకినాడ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం తమ రెగ్యులేషన్లను వాడుక తెలుగులో ప్రశ్న-జవాబులుగా రాసి, తేదీ వేసి ఒకచోట పెడితే చాలు, విద్యార్థికీ చాట్‌బాట్‌కీ కూడా నమ్మదగిన ఆధారం దొరుకుతుంది. ఖర్చు పెద్దగా లేని పని ఇది.

ఇప్పుడిక కోర్టు ఆదేశం కూడా వచ్చి చేరింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, మనస్తత్వ నిపుణుడు లేదా సామాజిక కార్యకర్త ఉండాలి. చిన్న బృందాలకు విడివిడిగా మెంటార్లుండాలి, ముఖ్యంగా పరీక్షల రోజుల్లో, కొత్త చదువులోకి మారే రోజుల్లో. గోదావరి జిల్లాల్లో ఓ మోస్తరు కాలేజీ ఏదీ ఈ వంద గీత కిందకు రాదు. మానసిక ఆరోగ్య సాయానికున్న టెలి-మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాల్సిందే, కానీ అది కాలేజీలోని మనిషికి బదులు కాదు.

కాబట్టి డబ్బు పెట్టే వరుస మారాలి. మెంటార్‌కి వారంలో రెండు పీరియడ్లు టైమ్‌టేబుల్లో రాసి, ఆ పీరియడ్‌ను ఇంకెవరూ లాక్కోకుండా చూడటం మొదటి ఖర్చు. హాజరు, మిడ్ మార్కులు, ఫీజు వివరాలను ఒకే పేజీలో చూపించి 'ఈ వారం ఈ ఐదుగురితో మాట్లాడండి' అనే చిన్న ఏర్పాటు రెండోది. దానికి కాలేజీలోని కంప్యూటర్ సైన్స్ పిల్లలే చాలు, ప్రాజెక్టుగా కట్టిపెడతారు. ముందే ఊహించి చెప్పే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి మాట. మొదటి రెండూ లేని కాలేజీ దాన్ని కొంటే ఆ డబ్బు వృథా.

ఉన్నత విద్యా మండలికి ఒక విన్నపం. చివరి ర్యాంకుల పట్టిక ఏటా ఇస్తూనే ఉన్నారు. వచ్చే ఏడాది వెబ్ ఆప్షన్లు తెరవకముందు, అదే పట్టికలో ప్రతి కాలేజీ, ప్రతి బ్రాంచి పక్కన ఇంకో మూడు గడులు పెట్టండి: చేరినవాళ్లలో నాలుగేళ్లకు పాసైనవాళ్లెందరు, మధ్యలో మానేసినవాళ్లెందరు, పనిచేస్తున్న అధ్యాపకులెందరు. ఈ లెక్కలు యూనివర్సిటీల దగ్గర ఉన్నవే.